పాతాళం కప్పల లెక్క ఎవరు రాయాలి?

కేరళలోని ఇడుక్కి కొండల్లో ‘పాతాళ తవళ’ అని పిలిచే కప్ప ఒకటుంది. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ నేల లోపలే ఉంటుంది. వానాకాలానికి ముందు పడే జల్లులకు కొద్ది రాత్రులు పైకొచ్చి, వాగులో గుడ్లు పెట్టి, మళ్లీ మట్టిలోకి దిగిపోతుంది. ఈమధ్య దాన్ని మావేలి కప్ప అనడం కూడా మొదలైంది. బలి చక్రవర్తి ఏడాదికోసారి ఓణం పండక్కి పాతాళం నుంచి వచ్చి తన జనాన్ని చూసి వెళ్తాడని మలయాళీల నమ్మకం కదా, అందుకు. దాన్ని కేరళ రాష్ట్ర కప్పగా ప్రకటించాలని అక్కడి ప్రకృతి ప్రేమికులు అడుగుతున్నారు.

ప్రకటిస్తే మంచిదే. స్కూళ్లలో క్విజ్ పెడతారు, టీషర్టుల మీద బొమ్మ వేస్తారు. నాకు వాటి మీద కోపమేమీ లేదు. కానీ ఉద్యోగం కోసం కొచ్చిలో ఉన్న రోజుల్లో ఈ కప్ప కోసం కాస్త తిరిగాను, దొరికిందల్లా చదివాను. ఆ తర్వాత నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: ఈ కప్ప బతకాలంటే దాన్ని లెక్కపెట్టే పని వాగు పక్కన ఉండేవాళ్ల చేతికివ్వాలి, ఊరికే కాదు, కూలి కట్టిచ్చి మరీ ఇవ్వాలి. ‘అవగాహన కార్యక్రమం’ పేరుతో మనం చేసే తంతు చాలావరకు వినాల్సినవాళ్లను వదిలేసి వేరేవాళ్ల ముందు జరుగుతోంది.

ముందు కప్ప సంగతి చెప్పాలి. 2003లో ఎస్.డి. బిజు, ఫ్రాంకీ బోస్యూట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో దీన్ని నాసికాబట్రాకస్ సహ్యాద్రెన్సిస్ అనే పేరుతో లోకానికి పరిచయం చేశారు. పడమటి కనుమల్లో కొత్త కప్ప జాతి దొరకడం వింతేమీ కాదు, దొరుకుతూనే ఉంటాయి. ఇది మాత్రం ఏకంగా కొత్త కుటుంబం. దీని దగ్గరి చుట్టాలు మన దేశంలో ఎక్కడా లేరు, హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల్లో ఉన్నారు. వాటిలో కొన్నేమో గోటి మీద కూర్చునేంత చిన్నవి. ఈ రెండు వంశాలూ విడిపోయి పది కోట్ల ఏళ్లు దాటి ఉంటుందని ఆ ఇద్దరి అంచనా. అప్పటికి భారతదేశం, సీషెల్స్, మడగాస్కర్ ఇంకా ఒకే భూభాగం. డైనోసార్లు పోయాయి, మనం ఉన్న ముక్క సముద్రం దాటొచ్చి ఆసియాకు గుద్దుకుంది, హిమాలయాలు లేచాయి. ఈ కప్ప వంశం మాత్రం చెదపురుగులు తింటూ నేల కిందే కాలక్షేపం చేసింది.

తమాషా ఏమిటంటే, దీని పిల్లల్ని, అంటే తోకకప్పల్ని, 1917 ప్రాంతంలోనే నెల్సన్ అన్నన్‌డేల్, సి.ఆర్. నారాయణరావు వర్ణించి పెట్టారు. ఉరికే నీళ్లలో రాళ్లను నోటితో పట్టుకుని వేలాడే వింత తోకకప్పలని రాశారు. తల్లిదండ్రులెవరో ఎనభై ఏళ్లకు పైగా శాస్త్రానికి అంతుబట్టలేదు. మరి అక్కడి జనానికి తెలీదా అంటే, బాగానే తెలుసు. బావి తవ్వుతుంటే, యాలకుల తోటలో గుంటలు తీస్తుంటే పార కింద బయటపడుతూనే ఉండేది. పిల్లలు ఏ వాగులో ఎప్పుడు కనబడతాయో కూడా తెలుసు. ఆ కబురు పత్రికలదాకా రాలేదంతే.

నేను దాన్ని చూసింది కట్టప్పన దగ్గర, ఆఫీసు స్నేహితుడి పెద్దనాన్నగారి యాలకుల తోట అంచున. మే నెల, సాయంత్రం గట్టి వాన పడి వెలిసింది. ముందు మాకు వినబడింది అరుపే. కాలి కింద మట్టిలోంచి, పొదుగుతున్న కోడి గొణిగినట్టు, ఆగి ఆగి వస్తుంది. మగకప్పలు బొరియ నోటి దగ్గర, తడిమట్టి లోపలే కూర్చుని ఆడకప్పల్ని పిలుస్తాయి. శబ్దం ఇక్కడే అనుకుని టార్చి వేస్తే ఏమీ ఉండదు. పెద్దాయన (నేను కూడా మావాడిలాగే ఆయన్ని వల్యచ్ఛా అనే పిలిచేవాణ్ణి) మమ్మల్ని కదలొద్దని సైగ చేసి, వాగు పక్క రాళ్ల దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ ఉంది ఆడది. అరచేతిలో సగానికి పైగా వచ్చే గుండ్రటి ఒళ్లు, బూడిదరంగు కలిసిన ఊదా, తడికి నిగనిగలాడుతోంది. తల ఉందా అనిపించేంత చిన్నది. ముక్కు మొన తేలి, చివర తెల్లగా ఉంది. కళ్లు ఆవగింజల్లా కాకపోయినా, అంత ఒంటికి చాలా చిన్నవి. వెనక కాళ్లకు మట్టి తోడే గట్టి బుడిపెలు. వీపు చివర దానిలో సగం కూడా లేని మగది గట్టిగా పట్టుకుని ఉంది. దాన్ని మోసుకుంటూనే రాతి పగుల్లోకి నడిచింది. కప్పల్లా గెంతలేదు. చేతులూ కాళ్లూ బారజాపుకుని ఒళ్లీడ్చుకుంటూ పోయింది.

ఫొటో తీద్దామని నేను వంగితే వల్యచ్ఛన్ టార్చి ఆర్పేశాడు. ‘గుడ్లు పెట్టాక తీసుకో’ అన్నాడు. ఆయన ఏ శిక్షణ తరగతికీ వెళ్లలేదు.

ఒక్కో ఆడకప్ప రాతి పగుళ్లలోని నీటి గుంటల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. గుడ్లు పగిలి బయటికొచ్చిన తోకకప్పలు జూన్ వరదలో కొట్టుకుపోకుండా నోటితో రాతిని పట్టుకుని, నాచు గీక్కుని తింటూ మూడు నెలలకు పైగా ఆ జలపాతాల్లోనే గడుపుతాయి. కాళ్లొచ్చి, తోక పోయి, కప్ప ఆకారం రాగానే మట్టిలోకి దిగుతాయి. అంటే ఈ జంతువు జీవితంలో మనుషులకు అందేది రెండే చోట్ల. ఒకటి ఆ కొద్ది రాత్రులు. రెండోది వానాకాలమంతా వాగు రాళ్ల మీద వేలాడే పిల్లలు. దెబ్బ తగిలినా ఇక్కడే తగలాలి, లెక్క రాసినా ఇక్కడే రాయాలి.

కప్పల తక్కెడ అని ఊరికే అనలేదు మనవాళ్లు. కళ్లెదురుగా ఉన్న కప్పల్ని తూచడమే గగనమైతే, నేల కింద ఉన్నవాటిని లెక్కపెట్టడమెలా? పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. వాగు పొడుగునా కొన్ని చోట్లు గుర్తు పెట్టుకోవాలి. మే నెల జల్లులు మొదలైనప్పటి నుంచి ప్రతి సాయంత్రం ఒకే వేళకి, ప్రతి చోటా కొద్ది నిమిషాలు నిలబడి, ఎన్ని మగకప్పలు అరుస్తున్నాయో రాసుకోవాలి. మొదటి వాన ఎప్పుడు పడింది, జతలు ఎప్పుడు కనబడ్డాయి, గుడ్లు ఏ గుంటలో ఉన్నాయి, ఆ గుంట ఎండిందా, వరదకు కొట్టుకుపోయిందా రాయాలి. జూన్ తర్వాత ఎంచుకున్న రాళ్ల మీద, చదరం గీసుకుని అందులో ఎన్ని తోకకప్పలున్నాయో చూడాలి. పొద్దున్నే రోడ్డు మీద నలిగిపోయినవి ఎన్నో లెక్కెయ్యాలి. మరుసటి ఏడు అదే చోట, అదే వేళ, అదే పద్ధతిలో మళ్లీ చెయ్యాలి. ఏమీ కనబడని సాయంత్రం సున్నా వేసి తీరాలి. ఈ సున్నాల దగ్గరే బయటినుంచి వెళ్లే మనలాంటివాళ్లు దొరికిపోతాం. ఏమీ కనబడని రాత్రి మనకు ట్రిప్ వేస్ట్, ఆ కాగితం ఎవరమూ దాచుకోం.

పైగా ఆ జల్లు ఏ రోజు పడుతుందో క్యాలెండర్‌లో ఉండదు. కొచ్చిలో పరిశోధకుడు సెలవు పెట్టి, బస్సెక్కి, కొండెక్కేసరికి పెళ్లి అయిపోతుంది. బ్యాటరీతో పనిచేసే రికార్డర్లు చెట్టుకు కట్టి అరుపులు పట్టుకోవచ్చు, అవి పనికొస్తాయి కూడా. కానీ రికార్డర్‌కు గుడ్ల గుంట ఎండిపోతోందని తెలీదు, పైన ఎవరో వాగుకు గట్టు కడుతున్నారని తెలీదు. అక్కడ ఇల్లున్న మనిషికి తెలుస్తుంది.

ఇక చిక్కుముడి దగ్గరికి వద్దాం. ఇడుక్కి కొండల్లో కొన్ని గిరిజన కుటుంబాలు వానాకాలంలో ఈ తోకకప్పల్ని పట్టి వండుకుంటాయి. రాళ్లకు అతుక్కుని ఒకేచోట వందలుగా దొరుకుతాయి కాబట్టి పట్టడం సులువు. ఇది కప్పకు నేరుగా ముప్పేనని 2015లో బిజు బృందం ఒక పరిశోధన వ్యాసంలో రాసింది. వాళ్లు రాసింది నిజమే. ఒక వాగులో ఆ ఏడు పుట్టిన పిల్లల్లో పెద్ద భాగం కొద్ది పూటల్లో గిన్నెలోకి చేరితే ఏ జాతికైనా కష్టమే. అయితే ఈ మాట పట్టణాలకు చేరేసరికి ‘గిరిజనులు తినేస్తున్నారు, వాళ్లకు బుద్ధి చెప్పాలి’ అని తయారైంది. అక్కణ్ణుంచి పోస్టర్లు, ఉపన్యాసాలు.

మా ఊళ్లో వానలు ఎగ్గొట్టిన ఏడు కప్పను పట్టి రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిప్పి బిందెలతో నీళ్లు పోయించేవాళ్లు. మాలో చాలామంది పిల్లలుగా ఆ రోకలి మోసినవాళ్లమే. అప్పుడు ఏ ఊరివాడో జీపు దిగి, మాకు రాని భాషలో, కప్పను హింసించడం తప్పని చార్టు చూపించి వెళ్లుంటే మేమేం చేసేవాళ్లం? జీపు పోయేదాకా ఆగి మళ్లీ కట్టేవాళ్లం.

చట్టంతో ఆపలేమా అంటే, కొన్ని ఆపగలం. 1987లో మన ప్రభుత్వం కప్ప కాళ్ల ఎగుమతి నిషేధించింది. పొలాల్లోంచి లక్షలాది కప్పలు విదేశాలకు పోయే వ్యాపారం అది. ఓడరేవు దగ్గర ఆపేస్తే ఆగింది. కానీ వాగు పక్క పొయ్యి మీద ఉడికే కూరను ఏ చెక్‌పోస్టులో ఆపుతారు? ఫారెస్టువాళ్లు రెండు కేసులు పెడితే తినడం ఆగదు. కప్పల గురించి బయటివాళ్లతో మాట్లాడటం ఆగిపోతుంది. ఏ వాగులో ఎన్ని ఉన్నాయో బాగా తెలిసిన మనిషే నోరు మూసుకుంటాడు. నాకు అంతకన్నా పెద్ద నష్టం కనబడదు.

దారి మార్చుకున్న ఊళ్లు మన దేశంలోనే ఉన్నాయి. నాగాలాండ్‌లో పాంగ్తీ ఊరి దగ్గర డొయాంగ్ రిజర్వాయర్‌కు ఏటా అముర్ డేగలు లక్షల్లో వస్తాయి. 2012లో అక్కడ వలలు వేసి వాటిని కుప్పలుగా చంపుతున్న వీడియోలు చూసి దేశం నివ్వెరపోయింది. మరుసటి ఏడు అదే ఊళ్లో వేట ఆగింది. బయటివాళ్లు చెప్పారు, ప్రభుత్వం ఒత్తిడి తెచ్చింది, నిజమే. కానీ నిర్ణయం ఊరి పెద్దల మండలి తీసుకుంది, చర్చి మాట కలిసింది, నిన్నటి వేటగాళ్లే కాపలాకు దిగారు. మన దగ్గర వీరాపురం కొంగల కథ తెలిసిందే. చిలమత్తూరు మండలంలో ఆ ఊరివాళ్లు చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగల్ని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు.

అయితే కొంగ ఇంటి ముందు చెట్టు మీద నెలల తరబడి కనబడుతుంది. డేగలు ఆకాశం నిండుతాయి. పాతాళం కప్ప చీకట్లో, వానలో, బురదలో కొద్దిసేపు కనబడి మాయమవుతుంది. దాన్ని ప్రేమించమని చెప్పడం కష్టం. అందుకే ప్రేమతో మొదలుపెట్టకుండా పనితో మొదలుపెట్టమంటాను. ఏ ఇంటివాళ్లు తోకకప్పలు పట్టేవాళ్లో వాళ్లకే వానాకాలం మూడు నాలుగు నెలలు వాగు లెక్క రాసే పని, ఉపాధి హామీ కూలికి తగ్గకుండా. అడవిలో పులుల లెక్కకు వాచర్లకు జీతం ఇస్తున్నాం కదా? కప్ప దగ్గరికొచ్చేసరికే ‘స్వచ్ఛందంగా ముందుకు రండి’ అంటాం. లెక్క రాస్తున్న మనిషికి మూడో ఏడు వచ్చేసరికి తన వాగులో తగ్గాయో పెరిగాయో తన రాతలోనే కనబడుతుంది. అప్పుడు తినడం మానాలా, కొన్ని వాగులు వదిలెయ్యాలా అన్నది వాళ్లు కూర్చుని మాట్లాడుకోవచ్చు. కూర మానితే ఆ పూట ఏం వండుకోవాలన్నది కూడా ఆ మాటల్లో రావాలి. పోస్టర్‌లో అది ఎప్పుడూ ఉండదు.

నిజంగా పాఠం చెప్పాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాగు మీద చెక్‌డ్యామ్ గీసే ఇంజనీరు అందులో మొదటివాడు. గట్టు కడితే పైన నీళ్లు నిలబడతాయి, ఉరికే ప్రవాహం పోతుంది. నోటితో రాతిని పట్టుకుని బతికే పిల్లకు నిలవ నీళ్లతో పనిలేదు. మే నెలలోనే తవ్వకాలు మొదలుపెట్టే రోడ్డు కాంట్రాక్టరు రెండోవాడు. వాగు దాటేచోట కల్వర్టు గొట్టం ఎత్తులో బిగిస్తే ఒళ్లీడ్చుకుంటూ నడిచే ఆ కప్ప ఎక్కలేదు, రోడ్డెక్కి టైర్ల కింద పడుతుంది. ఇడుక్కి యాలకుల తోటల్లో పురుగుమందు పిచికారీ ఎంతగా ఉంటుందో అక్కడి వాళ్లనడిగితే చెబుతారు. అదంతా వానకు వాగులోకే దిగుతుంది. 2018 ఆగస్టు వరదల్లో ఇడుక్కిలో కొండచరియలు ఎన్నిచోట్ల విరిగిపడ్డాయో మనమంతా టీవీలో చూశాం. ఏటవాలు కొండను తొలిచి ఇళ్లూ రోడ్లూ వేసినచోట మట్టి జారితే, ఆ మట్టిలో ఉన్నదీ జారుతుంది. వీళ్లెవరికీ అవగాహన సదస్సులు పెట్టినట్టు నేను వినలేదు. పెట్టేవన్నీ గిరిజన స్కూళ్లలోనే. ఆ పిల్లలకు కప్ప గురించి వచ్చిన సారుకన్నా ఎక్కువే తెలుసు.

నాలాంటి కెమెరా బాపతు జనాన్ని కూడా ఈ జాబితాలో చేర్చాలి. ఏడాదికి కొన్ని రాత్రులే పైకొచ్చే జంతువు ముఖాన ఫ్లాష్ కొట్టి, మంచి యాంగిల్ కోసం రాయి తిప్పి, ఇన్‌స్టాగ్రామ్‌లో లొకేషన్ పెట్టడం ఏ రకంగానూ పరిరక్షణ కాదు. ఈ ముక్క టూరు ప్యాకేజీలవాళ్లకు ఎవరైనా చెప్పండి.

లెక్కలు రాసినంత మాత్రాన కప్పలు బతుకుతాయా అని ఒక స్నేహితురాలు నన్ను నిలదీసింది. న్యాయమైన ప్రశ్న. కోస్టారికాలో మోంతెవెర్దే కొండ అడవిలో బంగారు కప్ప అని ఉండేది. అదీ ఇలాగే ఏడాదిలో కొద్ది రోజులే బయటికొచ్చి జతకట్టేది. 1987లో 1500కు పైగా లెక్కపెట్టారు. 1988లో 10. 1989లో ఒకే ఒక్క మగది. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. రక్షిత అడవిలో, శాస్త్రవేత్తలు చూస్తుండగానే పోయింది. వాతావరణం ఎండిపోవడం, కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు జబ్బు, రెండింటినీ కారణాలుగా చెబుతారు. కాబట్టి లెక్క మంత్రం కాదని ఒప్పుకుంటాను. కానీ ఆ అంకెల వల్లే ప్రపంచమంతా ఉలిక్కిపడి మిగతా కప్పల వైపు చూసింది. ఈరోజు భూమ్మీద ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం ప్రమాదంలో ఉన్నాయని 2023లో తేల్చగలిగారంటే, వెనకాల ఎందరో వాగులూ చెరువులూ పట్టుకు తిరగడం వల్లే.

పాతాళం కప్ప విషయంలో లెక్క ఇంకో పని కూడా చేసింది. మొదట్లో ఇది చాలా కొద్ది చోట్లే ఉందనుకుని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ‘అపాయంలో ఉన్న జాతి’గా పెట్టారు. తర్వాత వెతకగా వెతకగా పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన కూడా దొరికింది. 2017లో తమిళనాడు వైపు వాలుల నుంచి దీని తోబుట్టువు లాంటి ఇంకో జాతిని వర్ణించి, భూపతి అనే సరీసృపాల శాస్త్రవేత్త పేరు పెట్టారు. 2014లో అగస్త్యమలలో పనిచేస్తూ ప్రమాదంలో ప్రాణం పోగొట్టుకున్నారాయన. ఇలా కొత్త చోట్లు తెలిసేకొద్దీ పాతాళం కప్ప స్థాయిని రెండు మెట్లు దించి, ‘ముప్పుకు దగ్గరగా ఉన్నది’ అన్నారు. ఈ వార్త చదివి కొందరు హమ్మయ్య అనుకున్నారు. కప్పలు పెరిగాయని ఎవరూ అనలేదు. మనకు తెలిసిన చోట్లు పెరిగాయి, అంతే. కట్టప్పన వాగులో ఈ ఏడు ఎన్ని ఉన్నాయన్న ప్రశ్నకు ఆ జాబితాలో జవాబు దొరకదు. ఆ వాగులో నాలుగేళ్లు వరసగా సున్నాలు వచ్చినా జాబితా అలాగే ఉండొచ్చు.

డబ్బెక్కడిది, రాసేందుకు వ్యవస్థ ఏదీ అంటారా? వ్యవస్థ ఇప్పటికే కాగితం మీద ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊళ్లోవాళ్లను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. నేను చూసిన ఒకటి రెండింటిలో పంటలు, చెట్లు, మందుమొక్కలు వరసగా ఉన్నాయి. ఎవరో కన్సల్టెంటు ఒక్క విడతలో నింపేసి బైండింగ్ చేయించినట్టు తెలుస్తూనే ఉంది. ఒకసారి రాసి బీరువాలో పెట్టడానికి అదేమైనా పెళ్లి ఆల్బమా? వాగు ఉన్న ప్రతి పంచాయతీలో ఆ రిజిస్టర్‌కు ఏటా చేర్చే పేజీలు ఉండాలి. ఆ పేజీలు రాసే మనిషికి కమిటీ నిధి నుంచి కూలి రావాలి.

కేరళ కప్ప గోల మనకెందుకన్నవాళ్లకు ఒక మాట. చిత్తూరు జిల్లా పలమనేరు వైపు, కౌండిన్య అడవి పక్కన ఉన్న పల్లె చెరువులో, శ్రీలంకలో మాత్రమే ఉందనుకున్న బంగారు వీపు కప్పను జంతుశాస్త్ర సర్వేవాళ్లు ఈమధ్యే గుర్తించారు. వార్త ఒకరోజు పేపర్లలో వచ్చింది. ఆ చెరువులో ఈ వానాకాలం కప్ప అరుపులు ఎవరు విని రాస్తున్నారో ఏ పేపర్లోనూ రాలేదు. అటువైపు వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పంచాయతీ ఆఫీసుకెళ్లి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. అందులో కప్పలకు పేజీ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు రాశారు, రాసినవాళ్లకు ఏమైనా ఇచ్చారా అన్న మూడూ కనుక్కోండి. లేదంటే పేజీ పెట్టమని గ్రామసభలో తీర్మానం పెట్టించవచ్చు, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.